నా మునుం

బురదలో పాదం దిగబడి ఉన్నప్పుడు ఒళ్లు గిరుక్కున తిప్పకూడదట. డాక్టరమ్మ చెప్పకముందే పోయిన యాసంగి నాట్లలో నాకది తెలిసింది. వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరిగాను. పాదం బురదలోనే ఉండిపోయింది, మోకాలు నాతో తిరిగింది. లోపల టప్‌మంది.

మొదట పసరు కట్టు కట్టేవాడి దగ్గరికే పోయాను. వాపు దిగింది, నయమైందనుకున్నాను. తర్వాత ఓనాడు గడప దాటుతుంటే మోకాలు జారి బోర్లా పడ్డాను. అప్పుడు గాని బాన్సువాడ దవాఖాన గుర్తు రాలేదు.

"వాపు తగ్గితే అతికినట్టు కాదు సక్రమ్మా," అంది డాక్టరమ్మ. "తొడ బొక్కను, పిక్క బొక్కను పట్టి ఉంచే లిగమెంట్ తెగింది. సీదా నడుస్తవ్ గానీ, పక్కకు మలిగితే జారుతది. ముందుగాల తొడకు బలం రావాలె. ఆపరేషన్ ముచ్చట ఆ తర్వాత సూద్దాం. అందాక పొలంల దిగకు."

తొడ బిగించి కాలు ఎత్తే కసరత్తు రోజూ చేశాను. చేయనా మరి! పొద్దున్నే తండా ఆడవాళ్లంతా ఆటోల్లో కోటగిరి వైపు కూలికి పోతే మిగిలేది నేనూ నా కోళ్లూ. మా ఆయన పోయాక ఇల్లంటే నాకు పడుకునే చోటు, అంతే. నవ్వినా తిట్టినా పొలంలోనే. కోళ్లను తిడితే ఏం సుఖం? తిరిగి ఒక్క మాటైనా అనవు. సాయంత్రం వచ్చేవాళ్లు వాకిట్లోంచే "మంచిగనే నడుస్తున్నవ్ గదా" అని పోయేవాళ్లు. ఒళ్లు మండేది.

వానాకాలం నాట్లు మొదలయ్యాక డాక్టరమ్మ నన్ను ఒంటికాలి మీద నిలబడి కొద్దిగా వంగమంది. మోకాలు గడగడా వణికింది. "ఇంకా కాలే," అంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే పోయి ఆటోలో కూర్చున్నాను.

"డాక్టరమ్మ పొమ్మన్నదా అక్కా?" అంది మా గుంపు పెద్ద చాంద్రి.

"పొమ్మన్నది. జర జరుగు."

వరుసలో ఒక్కొక్కరు నాటే వంతును మునుం అంటాం. నాది ఎప్పుడూ చాంద్రికీ ప్రియాంకకూ నడుమనే. వంగి నారు పట్టాను. అబ్బ, ఎన్నాళ్లకు! ప్రియాంక అత్త మీద చాడీలు చెప్పింది. నేను అత్త గొంతుతోనే జవాబిస్తే అందరూ పగలబడి నవ్వారు. మోకాలు కూడా జారలేదు. అందరితో సమానంగా సాగుతున్నాననుకున్నాను.

నడుం ఎత్తి చూస్తే తెలిసింది. నా మునుంలో నా చేతి నాటు నడుమ కాస్తంతే. అటు నుంచి చాంద్రి, ఇటు నుంచి ప్రియాంక చేతులు చాపి నా వంతు కూడా నాటుతున్నారు.

"ఎవలు జెయ్యమన్నరే మిమ్ముల?" అని అరిచాను.

"లొల్లి పెట్టకు అక్కా," అంది చాంద్రి తల ఎత్తకుండానే. "ఆటో ఎక్కంగనే సూసిన. కాలును చేత్తోని లేపి పెట్టుకున్నవ్. నువ్వు ముచ్చట చెప్పు, చేతులు మేం ఆడిస్తం."

ప్రియాంకకు ఇంటి దగ్గర పాలు తాగే పిల్ల ఉంది. గుత్తకు ఒప్పుకున్న మడి అంతా నాటితే గాని ఎవరూ ఇల్లు చేరరు. ఏడుపొచ్చింది.

"నేను ఒడ్డు మీద కూసుంట, నా మునుం అందరు పంచుకోండ్రి," అన్నాను.

మొదలుపెట్టిన ఒడ్డుకు ఇంకా దగ్గర్లోనే ఉన్నాం. నాటిన నారు తొక్కకుండా చాంద్రి నా రెక్క పట్టి దాటించింది. "ఆడ కూసునే ముచ్చట చెప్పు అక్కా, ఇంటం," అంది.

నవ్వు ముచ్చటొకటి చెప్పడం మొదలుపెట్టాను. నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు. మొహాలు నా వైపే, చూపులు నేల మీద. వాళ్లు దూరమవుతున్నకొద్దీ గొంతు పెంచాను. అందుతోందో లేదోనని ఇంకా పెంచాను. కొంతసేపటికి అందరూ నా వైపు తలెత్తి గొల్లున నవ్వారు. నేను చెప్పేదాంట్లో నవ్వాల్సిన చోటు ఇంకా రానే లేదు.