అందరికన్నా ముందొచ్చిన చిక్కుళ్లు

ఆ ఊరి నడిబొడ్డున, ప్రతి గురువారం సాయంత్రం పెద్దవీధిలోకి బళ్లు రాకుండా అడ్డం పెట్టి, చుట్టుపక్కల రైతులు బల్లలు వేసుకుని తాము పండించినవి అమ్ముకుంటారు. ఆ సంతలో తేనె అమ్మే ఆవిడని అందరూ ఆరాలక్క అంటారు. ఊరికే వచ్చిన పేరా అది! మీ చెప్పులు ఎక్కడ కొన్నారు, మీ కోడలికి ఎన్నో నెల, నిన్న దుకాణం ఎందుకు తీయలేదు... తేనె సీసా మీ చేతికిచ్చేలోగా మీ ఇంటి గుట్టంతా ఆవిడ చెవిలో పడిపోతుంది. చెడ్డ మనిషి కాదు. తెలుసుకోకపోతే ముద్ద దిగదు, అంతే.

ఈసారి ఆవిడకి ముద్ద దిగకుండా చేసింది చిక్కుళ్ల పెద్దాయన. సంతకి కొత్త, మాట తక్కువ. చలి ఇంకా వదలనే లేదు, మిగతావాళ్ల పాదులు పూతైనా పట్టలేదు, ఆయన బల్ల మీద మాత్రం లేత చిక్కుళ్లు రాశి పోసి ఉంటున్నాయి. పక్క బల్ల ఆరాలక్క తమ్ముడిది. ఏటా తొలి చిక్కుళ్లు తెచ్చేది వాడే. కడుపు మండదూ మరి?

“టోకున కొనుక్కొచ్చి ఇక్కడ పోస్తున్నాడక్కా,” అన్నాడు. “కాయల మీద ఆ తెల్లపొడి చూశావా? ఏ మందు కొట్టారో ఏమో.”

సంతకి ఒక కట్టుబాటుంది. సొంత పొలంలో, సొంత చేతులతో పండించినదే అమ్మాలి. అనుమానం వస్తే సంతవాళ్లలో ఒకరు వెళ్లి చూసి రావాలి. పొలం చూపించలేనివాళ్ల బల్ల తీసేస్తారు. తమ్ముడు వెళ్లి సంత పెద్దకి ఫిర్యాదు చేశాడు. సంత పెద్ద అంటే గుడ్లు అమ్మే ముసలావిడ. చూసొచ్చే పని ఆవిడ ఇంకెవరికి అప్పగిస్తుంది? ఆరాలక్కకే.

“మీ పొలం ఎటువైపండీ?” అని అడిగితే పెద్దాయన నీళ్లు నమిలాడు.

“దూరంలెండి,” అన్నాడు చివరికి. అంతటితో వదిలిపోతుందనుకున్నాడు పాపం.

ఆరాలక్క ఒక కాయ తీసి, తెల్లపొడిని వేలికి అద్దుకుని నాలుక మీద రాసుకుంది. తమ్ముడికి పై ప్రాణం పైనే పోయింది. అది మందూ కాదు, మట్టీ కాదు. శుభ్రమైన గోధుమపిండి! చిక్కుళ్లకీ గోధుమపిండికీ ఏమిటి సంబంధం? పొలంలో పిండి చల్లేవాడు ఎవడైనా ఉంటాడా? ఆ రాత్రి ఆవిడకి కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే, ఊరికంతటికీ ఉన్న ఒకే ఒక్క రొట్టెల దుకాణం ముందు వాలింది.

దుకాణం నడిపేది పెద్దాయన కూతురు. “నాన్న మిద్దె మీదున్నారు పిన్నిగారూ,” అనేసి నాలుక కరుచుకుంది. అప్పటికే ఆరాలక్క సగం మెట్లు ఎక్కేసింది.

మిద్దె మీద వరసగా పిండి సంచులు. సంచుల నిండా మట్టి, సంచికొక తాడు, తాడు పొడుగునా అల్లుకున్న చిక్కుడు తీగ. పెద్దాయన కాయలు కోసి, దులపని ఇంకో పిండి సంచిలో వేస్తున్నాడు. ఆవిడ చెప్పులు విడిచి అడుగు పెట్టింది. కాళ్ల కింద నేల గోరువెచ్చగా ఉంది. సరిగ్గా ఆ కిందే రొట్టెల పొయ్యి.

“ఓహో, ఊరంతా చలికి వణుకుతుంటే వీటికి మాత్రం కింద కుంపటి పెట్టారన్నమాట,” అంది. ఇక మొదలైంది. నీళ్లెలా మోస్తున్నారు, మట్టెక్కడిది, తీగల వేళ్లు ఉడికిపోవా, ఈ ఆలోచన ఎవరిది? పెద్దాయన అన్నిటికీ ఓపిగ్గా చెప్పాడు. ఆఖరున ఆవిడ అడిగింది:

“మరి పొలం?”

“అమ్మేశానమ్మా. అమ్మాయికి ఈ పొయ్యి కట్టించాలంటే తప్పలేదు. దానికి నాకేం బాధ లేదు. కానీ వారానికి ఆ ఒక్క సాయంత్రం, ఆ బల్ల వెనకాల నిలబడ్డప్పుడే నేనింకా రైతుననిపిస్తుంది. అదీ పోతే ఇక నేను మూల కూర్చున్న ముసలాణ్ణే.”

ఆరాలక్క అంతటి మనిషీ ఇంకేమీ అడగకుండా మెట్లు దిగింది.

గురువారం జనం రాకముందే సంతవాళ్లందరూ వీధి మొగలో చేరారు.

“చూశావా?” అంది సంత పెద్ద.

“చూశాను. అన్నీ ఆయన చేత్తో పెంచినవే.”

“పొలం ఉందా లేదా అని అడుగుతున్నా.”

అడగడం వచ్చినంతగా ఆరాలక్కకి అబద్ధమాడటం రాదు. “లేదు,” అంది. తమ్ముడి మొహం వెలిగిపోయింది. పెద్దాయన బల్ల మడవడం మొదలుపెట్టాడు.

“ఉండండి,” అంది ఆరాలక్క. “నాకు మాత్రం ఉందా పొలం?”

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

“నా తేనెటీగల పెట్టెలు మా తమ్ముడి పొలం గట్టు మీదుంటాయి. ఈగలు మీ అందరి చేలల్లో తిరిగి తేనె తెస్తాయి. నా పేరున జానెడు నేల లేదు. మీరెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన బల్ల తీస్తే నాదీ తీసెయ్యండి.” ఆ మాట అంటుంటే భయం వేసింది. ఆ బల్ల పోతే ఆవిడకి వేరే బతుకుతెరువు లేదు.

సంత పెద్ద చేతిలోని గుడ్ల బుట్ట వైపు చూసుకుంది. “గుడ్లు మాత్రం పొలంలో కాస్తాయా? సొంత చేతులుంటే చాల్లే,” అంది. “పొలం మాట ఇవాళ్టితో తీసేద్దాం. ఎవరైనా కాదంటారా?”

ఎవరూ కాదనలేదు. తమ్ముడు తల దించుకుని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

జనం రావడం మొదలైంది. పెద్దాయన బల్ల మళ్లీ పరుచుకుని, ఆరాలక్క దగ్గరికొచ్చాడు. “ఒక్కటి అడగనా అమ్మా? మీ నాన్నగారికి పొలం ఉండేదా?”

“ఉండేదండీ. ఇప్పుడు తమ్ముడు చేస్తున్నది అదే.”

“మరి మీకు?”

ఊళ్లో ఏ ఇంట్లో ఎవరికి ఏం దక్కిందో ఆరాలక్క గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. నాన్న పోయినప్పటి నుంచీ ఈ ఒక్కటీ ఎందుకు అడగలేదు? అడిగితే తమ్ముడి మొహం మారిపోతుందేమోనని. వాడి గుమ్మం కూడా మూసుకుపోతుందేమోనని. ఇన్నేళ్లుగా భయపడుతూ బతికినందుకు ఆవిడకి తన మీద తనకే కోపం వచ్చింది.

చేతిలో సీసా కింద పెట్టి, పక్క బల్ల దగ్గరికి నడిచింది.

“ఒరేయ్, నాన్న పొలంలో నాకేమీ లేదా?”

తమ్ముడు ఎవరికో తూస్తున్న క్యారెట్లు తక్కెడలోనే వదిలేశాడు. “ఇప్పుడేంటక్కా, జనం చూస్తున్నారు...”

“చూడనీ,” అంది ఆరాలక్క. అక్కణ్ణుంచి కదల్లేదు. జవాబు రాకుండా కదిలే మనిషి కాదావిడ.