థర్మన్ రాసిన అట్ట

టెనెసీలో ఏటా జరిగే కత్తుల ప్రదర్శనంటే థర్మన్ పెటస్‌కు చర్చికన్నా ఎక్కువ. చర్చిలోనైనా ఓ కునుకు తీస్తాడు గానీ, ఇక్కడ రెప్ప వెయ్యడు. హాలు గుమ్మానికి వేలాడే నియమాల అట్ట ఆయన చేతిరాతే. అడగందే ముట్టుకోకు. అలుగు పదునుమీద వేలు పెట్టకు. కత్తి ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లది, కింద పెడితే ఎవరిదైనా. తెరిచిన కత్తితో ఎవరినీ చూపించకు. ఇంకొకరి బేరంలో నోరు పెట్టకు. ఈ అయిదింటితో ఇరవయ్యేళ్లుగా జనం ప్రాణాలు తోడేస్తున్నాడు మహానుభావుడు.

ఆయన అసలు వెతుకులాట మాత్రం ఒకే కత్తి కోసం. బొగ్గుగని మూతపడిన ఏడాది వాళ్ల నాన్న హోబర్ట్ అమ్ముకున్న జేబుకత్తి. ఎముక పిడిమీద మేకుతో గీసుకున్న హెచ్, పి అక్షరాలే దాని గుర్తు.

ఆ శనివారం అది కత్తులమ్మే ఒడెల్ బల్లమీద కనిపించింది. థర్మన్ ఒక్క అంగలో బల్ల దగ్గరికి చేరాడు. అయినా పద్ధతి పద్ధతే.

"ఒడెల్, చూడొచ్చా?"

"నీకూ పర్మిషనా అన్నా? తియ్యి!"

తీశాడు. తెరిచాడు. అక్షరాలు తడిమాడు. పక్కన రేనెల్ అనే కొత్తావిడ చేతులు వెనక్కి కట్టుకుని బుద్ధిగా చూస్తోంది.

సరిగ్గా అప్పుడే ఎదుటి బల్ల దగ్గర ఓ టోపీ మనిషి, పదును చూద్దామని, అమ్మకానికి పెట్టిన కత్తితో తన చేతి వెంట్రుకలు గొరుక్కోవడం మొదలెట్టాడు. థర్మన్ ఒళ్లు మండిపోయింది. వేలెత్తి చూపించాలి. చేతిలో చూస్తే తెరిచిన కత్తి. నాలుగో నియమం! కత్తిని బల్లమీది గుడ్డమీద పెట్టి వేలు లేపాడు.

"ఏమయ్యా టోపీ! ఇదేమన్నా మంగలి షాపా? నీ చెమట తగిలితే తుప్పు పడుతుంది, తెలుసా?"

హాలంతా తిరిగి చూసింది. థర్మన్ తృప్తిగా ఇటు తిరిగాడు. కత్తి రేనెల్ చేతిలో ఉంది.

"ఇది నేను తీసుకుంటానండీ," అంటోందావిడ.

ఒడెల్ నోరు తెరిచి థర్మన్ వైపు చూశాడు. రేనెల్ కంగారుపడింది.

"తప్పు చేశానా? మీరు కింద పెట్టారు కదా అని... అట్ట చదువుకునే వచ్చానండీ."

మా నాన్నది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవయ్యేళ్లుగా తను నోరు మూయించిన వాళ్లంతా చుట్టూ నిలబడి వింటున్నారు.

"లేదమ్మా. పద్ధతిగానే చేశావు," అన్నాడు.

డబ్బిచ్చి ఆవిడ పిడిని వెలుతురుకు తిప్పింది. "ఎవడో గీకి పాడుచేశాడండీ. పాలిష్ పట్టిస్తే పోతాయా ఈ గీతలు?"

"వద్దు తల్లీ!" థర్మన్ అరిచినంత పని చేశాడు. "పేరు గీసిన కత్తిని రుద్దకూడదు. అది నియమం."

"అట్టమీద అయిదే ఉన్నాయే!"

"ఆరోది రాయడం మర్చిపోయాను."

ఒడెల్ దగ్గర పెన్ను అడిగి పుచ్చుకుని గుమ్మం దాకా నడిచాడు. కళ్లలో నీళ్లు తిరిగి అట్ట అలుక్కుపోయినట్టు కనిపిస్తోంది. తుడుచుకుని, అడుగున ఖాళీలో రాయడం మొదలుపెట్టాడు.