వంటింట్లో పలకని బోర్డు

"ఆ బొమ్మను పక్కన పెట్టి చట్నీ రుబ్బు. మీ మామోళ్లు భోజనానికి కూచునే పొద్దాయ" అంది అత్త వెంకటక్క.

రంజిత ఆ బొమ్మను వెనక్కి జరిపింది. అరచేయంత ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు, బెంగళూరు కంపెనీ కొరియర్‌లో పంపింది. వంటింటి గట్టు మీద మిక్సీకీ ఉప్పు డబ్బాకీ మధ్య దాన్ని ఇరికించి, చిన్న స్పీకర్ తగిలించి పొద్దుటినుంచీ దానితో కుస్తీ పడుతోంది. మధ్యలో సంగటి కెలికింది, పప్పు ఎనిపింది, మామకు రెండుసార్లు కాఫీ ఇచ్చింది.

ఫోన్‌లోని పాట తీగ లేకుండా స్పీకర్‌లోకి రావాలంటే ఫోన్ దాన్ని మూటకట్టి గాలిలో పంపాలి, ఇవతల బోర్డు ఆ మూట విప్పాలి. ఆ కట్టే విప్పే పద్ధతినే కోడెక్ అంటారు. కంపెనీ చేసిన కొత్త కోడెక్ మామూలు ఇళ్లలో, ఫోన్ దూరంగా ఉన్నప్పుడు కూడా తెగకుండా పలుకుతుందో లేదో పరీక్షించి చూపాలి. పెళ్లికి ముందు రంజిత చేసిన ఉద్యోగం ఇదే. వల్లూరు కోడలయ్యాక మానేసింది. మానేసింది అనడం కూడా అబద్ధమే, మాన్పించారు. "మా ఇంటి ఆడోళ్లు ఊరు దాటి పనికి పోలేదు, నీకేం తక్కువైందిప్పా" అన్నాడు భర్త ఓబులేశ్, ఎంతో మెత్తగా. ఆ మెత్తదనం చూసే ఆమె సరేనంది. ఇన్నాళ్లకు పాత మేనేజర్ మల్లిక ఇంటినుంచే చేసుకునే ఉద్యోగం ఇస్తానంది. సాయంత్రం వీడియో కాల్‌లో బోర్డు పలకాలి. పలక్కపోతే అది ఇంకొకరికి పోతుంది, ఉద్యోగమూ దాని వెంటే పోతుంది.

అదేం మాయరోగమో, ఫోన్ పక్కనుంటే బోర్డు హాయిగా పాడుతుంది. ఫోన్‌ను ముందరి పడసాల కిటికీలో పెట్టి వచ్చిందా, పాట ముక్కలు ముక్కలు! బోర్డు మీది జంపర్ తీగలు తీసి మళ్లీ పెట్టింది. కేబుల్ మార్చింది. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించింది. ఉహూఁ. "ఇక్కడ బాగానే పలికింది కదా రంజితా" అంది మల్లిక ఫోన్లో. ఆ మాటలో మర్యాదా ఉంది, అనుమానమూ ఉంది. తను ఆడలేక మద్దెల ఓడు అంటోందని మల్లిక అనుకుంటుందేమోనని రంజితకు ఏడుపొచ్చింది.

పడసాలలో మామ చిన్నరంగప్ప, ఆయన స్నేహితులు కూర్చున్నారు. శనక్కాయ పండించిన చేను సోలార్ కంపెనీకి కౌలుకిచ్చాక మామకు సేద్యం తప్పింది. పడసాలే ఆయన చేనయింది. అత్తకు మాత్రం ఏ పనీ తప్పలేదు, పైగా పొలం గట్టున మాట్లాడుకునే మగవాళ్లంతా ఇంటికే రావడంతో వంట పెరిగింది. ఈ ఇంట్లో ఆడవాళ్లు పడసాలలో కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు. కాపరానికొచ్చిన కొత్తలో రంజిత అక్కడ కుర్చీలో కూర్చుంటే, మామ పల్లెత్తు మాటనకుండా తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. "చూడు, నీ వల్ల ఎండలో పడి పోయినాడు" అంది అత్త. తిట్టినా బాగుండేది! ఆ తర్వాత రంజిత ఎన్నడూ అక్కడ కూర్చోలేదు.

మగవాళ్ల పంక్తి లేచింది. వంటింటికీ పడసాలకూ మధ్య గోడ నిండా వెంకటక్క స్టీలు స్టాండు ఉంది. తట్టలు, బేసిన్లు, పెళ్లిళ్లలో పెట్టిన పేర్లు చెక్కిన గిన్నెలు, అన్నీ ఆ పూట వడ్డనకు దిగాయి. పెరటి గుమ్మం దగ్గర అంట్లు తోముతుంటే రంజిత చేయి ఆగిపోయింది. కిటికీలో ఆపకుండా వదిలేసిన పాట ఒక్క ముక్క తెగకుండా వస్తోంది! పరుగున వచ్చి బోర్డు చూసింది, ఏమీ మారలేదు. కడిగిన తట్టలు ఒక్కొక్కటే స్టాండులో సర్దింది. సగం నిండేసరికి పాట మళ్లీ నత్తి కొట్టింది. తీసింది, పలికింది. పెట్టింది, తెగింది. "ఓసి నీ స్టాండు కూలా!" అని గట్టిగా నవ్వేసింది. లోహం అడ్డొస్తే బ్లూటూత్ దాటలేదని చదువుకున్నదే. అత్తగారి స్టాండు గురించి ఏ పుస్తకంలోనూ రాయలేదు మరి.

చేతిలో బేసిన్ పట్టుకుని లెక్క వేసుకుంది. కాల్ వచ్చే ముందు గిన్నెలన్నీ దించి, కాల్ అయ్యాక మళ్లీ ఎక్కిస్తే సరి. ఎవరికీ తెలియదు కూడా. రేపు పరీక్షకు మళ్లీ దించాలి, ఎల్లుండి మళ్లీ ఎక్కించాలి. ఇన్నాళ్లూ తను చేసిందంతా ఇదే కదా, ఎవరికీ అడ్డం రాకుండా, ఎవరికీ తెలియకుండా సర్దుకోవడం. దానికెంత ఒళ్లు హూనమైందో ఎవరైనా అడిగారా? బేసిన్‌ను స్టాండులో పెట్టేసింది. బోర్డు, స్పీకర్, ల్యాప్‌టాప్ ఎత్తుకుని పడసాలలోకి నడిచింది.

స్నేహితులు వెళ్లిపోయారు. మామ మంచం మీదున్నాడు.

"ఏమ్మా, ఏంది ఇది?"

"వంటింట్లో ఇది పలకదు మామా. ఈడ పెట్టుకుంటా."

ఆమె బల్ల మీదున్న టీవీ రిమోట్ పక్కకు జరిపి, కుర్చీ లాక్కుని కూర్చుంది. మామ చెయ్యి తువ్వాలు మీదికి పోయింది. రంజిత అది చూసింది. అయినా లేవలేదు.

"ఎండ మండిపోతాండాది మామా, యాడికీ పోవద్దు. మీరున్నా నా పనికేం అడ్డం లేదు."

ఆయన వాకిట్లోని ఎండను చూశాడు, కోడలిని చూశాడు. తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకుని అక్కడే కూర్చున్నాడు.

సాయంత్రం కాగానే ల్యాప్‌టాప్‌లో మల్లిక కాల్ వచ్చింది. పాట పాడే ఫోన్‌ను దూరంగా తీసుకెళ్లేందుకు మనిషి కావాలి. రంజిత దాన్ని అత్త చేతిలో పెట్టింది. "నాకేంటికే తల్లీ ఇది" అని గొణుగుతూనే వెంకటక్క వాకిలి దిగింది, వేపచెట్టు దాటింది. పాట తెగలేదు. వీధి గడప దగ్గర నిలబడి "ఇంగా పోయేదా?" అని కేకేసింది. ల్యాప్‌టాప్‌లో మల్లిక పకపకా నవ్వింది.

"చాలు, అత్తగారిని రమ్మను. సోమవారం చేరిపో రంజితా."

చీకటి పడే వేళ డ్యూటీ దిగి సోలార్ ప్లాంటు సెక్యూరిటీ యూనిఫాంలోనే వచ్చిన ఓబులేశ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. నాయన ఒక పక్క, బల్ల ముందు కుర్చీలో పెళ్లాం. రంజిత ఉద్యోగం సంగతి చెప్పింది, స్టాండు సంగతీ దాచకుండా చెప్పింది.

"ఆ మాత్రానికి ఇదంతా ఈడ పరచాల్నా? గిన్నెలు దించేసింటే సరిపోయేది కదా" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

"సరిపోయేది" అంది రంజిత, స్క్రీన్ మీదినుంచి కళ్లు తిప్పకుండా. "గిన్నెల్ని ఆడే ఉండనిచ్చి, నేను ఈవలికి వచ్చినా."