మిరపకాయల చేతులు

"ముందా చేతులు కడుక్కునిరా. ఆ మిరపకాయల చేతుల్తో పిల్లని ముట్టుకోకు."

పరిమళ పని నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పకముందే పుల్లమ్మ రోజూ అనే మాటే ఇది. పెనుగంచిప్రోలులో కల్లాల దగ్గర పొద్దస్తమానం ఎండుమిరపకాయల తొడిమలు తీసే చేతులవి. ఎంత రుద్ది కడిగినా వేళ్ళ సందుల్లో మంట పోదు. ఇన్నాళ్ళూ అత్తగారి చాదస్తం అనుకుని ఆ మాటని దులిపేసుకునేది. నిన్న మాత్రం అది ముల్లులా దిగబడింది. నిన్న పొద్దున్నుంచి రెండేళ్ళ జాయిస్‌కి ఒకటే వాంతులు, నీళ్ళ విరేచనాలు.

పరిమళ అన్నిటినీ అనుమానించింది. పాల పాకెట్ మీద తేదీ చూసింది. నీళ్ళ డబ్బా మూత తీసి వాసన చూసింది. అంగన్‌వాడీలో పెట్టిన గుడ్డు పాతదేమో అనుకుంది, పక్కింటి పిల్ల ఎంగిలి చేసిన బిస్కెట్టు తినిందేమో అనుకుంది. చివరికి తన అరచేతులే ముక్కు దగ్గర పెట్టుకుంది. ఘాటు కొట్టాయి. ఫోన్లో విన్న పెద్ద పెద్ద జబ్బుల పేర్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. పదో తరగతితో ఆగిపోయిన చదువు ఆ పేర్లు సరిగ్గా పలకడానికి చాలదు గానీ భయపడడానికి సరిపోతుంది.

అనుమానించనిది ఒక్కటే మిగిలింది. దాని వైపు చూడాలంటేనే భయం. గురువారం తెల్లవారుజామున భర్త ప్రేమదాసు పెరట్లో కూచుని వాంతులు చేసుకున్నాడు. లారీ మీద వెళ్ళి గరికపాడు దాబాలో తిన్నది పడలేదన్నాడు. "అమ్మకి చెప్పకే. తాగొచ్చాననుకుని పాస్టరుగారి దాకా లాక్కెళ్తది. చుక్క ముట్టలేదు, జాయిస్ మీద ఒట్టు." పరిమళ నమ్మింది. చప్పుడు కాకుండా నీళ్ళు కొట్టి కడిగింది, లుంగీ ఉతికి ఆరేసింది. పొద్దెక్కేసరికి అతను తేలికపడి, పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని పెరుగన్నం ముద్దలు తినిపించాడు. ఎప్పుడూ లేనిది తండ్రి అన్నం పెడుతుంటే ఆమెకు ముచ్చటేసింది కూడా.

ఆ ప్రేమదాసే నిన్న మంచం మీద పడుకుని, ఫోన్లోంచి తల తిప్పకుండా, "అమ్మ చెప్పేది నిజమేగా. చేతులు సరిగ్గా కడుక్కోవాల్సింది" అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. మర్చిపోయాడా, మర్చిపోయినట్టు ఉన్నాడా? ఆ ఇంట్లో ఏది ఎవరు మర్చిపోయినా గుర్తుపెట్టుకోవాల్సింది తనే, కడగాల్సింది తనే, పైకి చెప్పకూడనిదీ తనే.

ఇవాళ పనికి పోలేదు. అయినా పిల్లని ఆమెకివ్వలేదు. "మీ పుట్టింటి నందిగామోళ్ళ శుభ్రం చూసానులే, నువ్వు దూరంగా ఉండు" అని పుల్లమ్మ తన గదిలో పెట్టుకుంది. ఊళ్ళో వైద్యుడు ఇచ్చిన ఉప్పూ పంచదార పొడి కలిపిన సీసా గూట్లోనే ఉంది. మధ్యాహ్నం చూస్తే నిండుగా, పోసింది పోసినట్టే ఉంది.

"పట్టలేదా అత్తయ్యా?"

"ఎందుకు పడతా? నీళ్ళు తాపితే నీళ్ళలాగే పోతది. నేను ఆపేసా కాబట్టే మోషన్లు కట్టుకున్నయ్. మా పిల్లల్ని పెంచలా?"

"ఉచ్చ పోసిందా?"

"లోపలుంటేగా పొయ్యడానికి!"

అదేదో గొప్పగా అంది. పరిమళ గదిలోకి వెళ్ళింది. తల్లిని చూసి జాయిస్ ఏడ్చింది. నోరు తెరుచుకుంది, మొహం ముడుచుకుంది, గొంతు పీలగా వచ్చింది. పరిమళ వేలితో పిల్ల చెంప తుడిచింది. తుడవడానికేమీ లేదు. కన్నీళ్ళు లేని ఏడుపు ఆమె అదివరకెప్పుడూ చూడలేదు.

"చేతులు..." అంటూ లేచింది పుల్లమ్మ. అప్పటికే పిల్ల పరిమళ భుజం మీద ఉంది, పరిమళ రోడ్డు మీద ఉంది. జగ్గయ్యపేట ఆటో కదలబోతుంటే తల్లీకొడుకులు పరిగెత్తుకొచ్చి ఎక్కారు.

ఆసుపత్రిలో పిల్ల చేతికి సెలైన్ పెట్టి, డాక్టరమ్మ పుల్లమ్మ వైపు తిరిగింది. "పేగు లోపల టర్కీ తువ్వాలుకి ఉన్నట్టు సన్నటి నూగు ఉంటుందమ్మా. తిన్నదీ తాగిందీ పీల్చుకునేది అదే. వైరస్ దాన్ని పాడుచేస్తుంది. అందుకే నీళ్ళు కారిపోతాయి. మళ్ళీ మొలిచేదాకా ఉప్పూ పంచదార నీళ్ళు చెంచాతో పడుతూనే ఉండాలి. మీరు ఆపింది మోషన్లని కాదు, పిల్ల ఒంట్లోకి వెళ్ళే నీళ్ళని."

"దీని మిరపకాయల చేతులండీ..."

"మిరపకాయకి చేతులు మండుతాయి. వైరస్ మనిషి నుంచి వస్తుంది. ఈ మధ్య ఇంట్లో ఇంకెవరికైనా వాంతులయ్యాయా?"

"మా ఇంట్లోనా? అబ్బే."

ప్రేమదాసు పరిమళ వైపు చూసి, కనీ కనపడకుండా తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపు ఆమెకు పాతదే. మింగెయ్ అని అర్థం. ఎన్ని మింగిందో. కానీ తను మింగినదాంతో పిల్ల కడుపు నిండదని ఇవాళ తెలిసింది.

"మా ఆయనకి అయినయ్ డాక్టరుగారూ. గురువారం. నేనే కడిగా. ఆ పొద్దునే ఆయన పిల్లకి తన చేత్తో అన్నం పెట్టారు."

"ఒరే, తాగొచ్చావా?" పుల్లమ్మ గొంతు లేచింది.

"లేదమ్మా, ఒట్టు!"

"తాగడం సంగతి తర్వాత చూసుకోండి" అంది డాక్టరమ్మ. "ఇలాగే వచ్చిందని ఖాయంగా చెప్పలేను గానీ, పెద్దవాళ్ళకి ఒక్కపూటలో తగ్గేదే పిల్లల్ని ఇంతదాకా తెస్తుంది. తగ్గినా కొన్నాళ్ళు మనిషిలో ఉంటుంది. దొడ్డికెళ్ళొచ్చాక, అన్నం పెట్టే ముందు, అందరూ సబ్బుతో కడుక్కోవాల్సిందే."

సాయంత్రానికి పరిమళ ఒళ్ళో చీర వెచ్చగా తడిసింది. ఆమె కదల్లేదు. ఆ తడి ఆరిపోతుందేమోనన్నట్టు అలాగే కూచుంది. తర్వాత సూది గుచ్చుకున్న చెయ్యి చూసుకుని జాయిస్ ఏడ్చింది. చెంప మీద ఒక చుక్క జారింది.

"సోమవారం పనికెళ్తా అత్తయ్యా" అంది పరిమళ పిల్ల మొహంలోంచి చూపు తిప్పకుండా. "పిల్ల నందిగామలో మా అమ్మ దగ్గరుంటది, నీళ్ళు అడిగితే ఇచ్చే చోట. రోజూ సాయంత్రం నేనూ అక్కడికే వెళ్తా."

పుల్లమ్మ కొడుకు వంక చూసింది. ప్రేమదాసు గొంతు సవరించుకుని దగ్గరికొచ్చి చేతులు చాపాడు. "ఇటివ్వవే, మధ్యాహ్నం నుంచి ఎత్తుకునే ఉన్నావ్."

పరిమళ పిల్లని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

"ముందా చేతులు కడుక్కుని రండి."