తీసేసిన ఏడు వరుసలు

మా ఊరి నీళ్ల మోటారు మా బావ రాసిన ప్రోగ్రాంతో నడుస్తుంది. ఆ మోటారు చూసుకునేది నేను. అందుకని ఆ ఏడాది ప్రోగ్రాములు రాసేవాళ్ల సమావేశానికి నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు. "రాసేవాళ్లే కూచుని మాట్లాడుకుంటే ఎలారా, వాడేవాడు ఒక్కడైనా ఉండాలి కదా" అన్నాడు. అసలు సంగతి మా అక్క చెప్పింది. "పదిమందిలో నిలబడితే మీ బావకి కాళ్లు వణుకుతాయి. నువ్వు ముందు వరసలో కూచో. తెలిసిన మొహం ఒకటి కనపడితే చాలు."

కుట్టుపని నేర్పే బడి మేడమీద సమావేశం. మిషన్లన్నీ గోడవారకు జరిపి, వాటిమీద గుడ్డలు కప్పి, మధ్యలో కుర్చీలు వేశారు. ముప్పైనాలుగు కుర్చీలు. నేల పగుళ్లలో రంగురంగుల దారప్పోగులు ఇరుక్కుని ఉన్నాయి. తెర లేదు, మైకు లేదు. ఒక నల్లబల్ల, నాలుగు సుద్దముక్కలు.

వాళ్లంతా చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి ఊరికే ఇచ్చేసేవాళ్లు. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు. లోకంలో అందరూ ఏం చేర్చామో చెప్పుకుని మురిసిపోతారు. వీళ్లు ఏం తీసేశామో చెప్పుకుంటారు. వాళ్లకో పద్ధతి ఉంది. మాట్లాడే మనిషి తన ప్రోగ్రాం మొత్తం కాగితాల మీద అచ్చువేసి అందరికీ పంచాలి. ఏ వరుస అక్కర్లేదనిపిస్తే ఆ వరుసని ఎర్ర పెన్సిలుతో కొట్టేసి తిరిగి ఇస్తారు. ఇంటికెళ్లి ఆలోచించుకుని తీసెయ్యడమో, ఉంచుకోవడమో ఆ మనిషి ఇష్టం.

మొదట ఒకావిడ తన గడియారం ప్రోగ్రాం గురించి చెప్పింది. నలభై వరుసలట.

"పోయినేడు అలారం ఉండేది. తీసేశాను. లేవాలనుకున్నవాడు ఎలాగూ లేస్తాడు."

చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ఎవరో "వచ్చే ఏడు ముల్లు కూడా తీసేస్తావా తల్లీ?" అన్నారు.

"నిమిషాల ముల్లు సంగతి ఆలోచిస్తున్నా" అందావిడ, నవ్వకుండా.

తర్వాత మా బావ వంతు. కాగితాలు పంచాడు. రెండుసార్లు మంచినీళ్లు తాగాడు. నాకేసి చూశాడు. నేను తల ఊపాను.

"పోయినేడు ఇది నాలుగు వందల పన్నెండు వరుసలు. మీరు కొట్టేసినవి కొన్ని, నాకు తోచినవి కొన్ని తీసేశాను. ఇప్పుడు మూడు వందల అరవై."

చప్పట్లు గట్టిగానే పడ్డాయి. దాంతో గొంతు కుదుటపడింది. "నిన్న రాత్రే దీన్ని బయటపెట్టాను. ఇవాళ పొద్దుటినుంచి ఒక ఊరి నీళ్లు ఈ మూడు వందల అరవై వరుసల మీదే నడుస్తున్నాయి. ఆ మోటారు చూసే మా బావమరిది ఇదిగో, ఇక్కడే ఉన్నాడు."

అందరూ నన్ను చూశారు. నేను కాగితం చూసుకున్నాను.

బావ చెప్పింది నిజమే. కొత్త ప్రోగ్రాం మా పంపుగది కంప్యూటరుకి పంపి, సమావేశంలో ఆ మాట చెప్పుకోవాలి, పొద్దున్నే వేయించరా అన్నాడు. నాతో పనిచేసే మనిషికి నేనే ఫోన్ చేసి చెప్పాను. అతన్ని అందరూ నిదానం అంటారు. సరేనన్నాడు.

నాకు ప్రోగ్రాం చదవడం రాదు. అంకెలు వచ్చు. కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందకి వచ్చాను. రెండో కాగితం, మూడో కాగితం. నేను వెతికేది పది. మళ్లీ మొదటినుంచి చూశాను. ఎక్కడా లేదు.

ఆరేళ్ల కిందట మా మోటారు కాలిపోయింది. ట్యాంకు నిండబోయేటప్పుడు పైనుంచి పడే ధారకి నీళ్లు ఊగుతాయి. నీటిమీద తేలే బుర్ర పైకీ కిందికీ ఆడుతుంది. పైకి లేస్తే ప్రోగ్రాం మోటారు ఆపుతుంది, దిగితే వేస్తుంది. ఆపడం, వెయ్యడం, ఆపడం, వెయ్యడం. కాసేపటికి లోపలి తీగ చుట్టంతా మాడి కంపు కొట్టింది. ఊరికి ఉన్నది ఆ ఒక్క మోటారే. పదకొండు రోజులు కుళాయి రాలేదు. పదకొండు రోజులు నేను తలవంచుకుని వీధిలో నడిచాను. అప్పుడు బావకి చెప్పాను, బుర్ర లేచినా దిగినా వెంటనే నమ్మొద్దు, పది సెకన్లు ఆగి మళ్లీ చూడమను అని. ఫోన్లో చెబుతుంటే అక్కడ కూచుని ఏడు వరుసలు రాశాడు. మళ్లీ ఆ బాధ రాలేదు.

లేచి నిలబడ్డాను.

"బావా, పది ఏది?"

"ఏ పది?"

"పది సెకన్లు ఆగి మళ్లీ చూసేది."

బావ కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. "అది... ఒకే పని రెండుసార్లు చేస్తోందని..." అని ఆగిపోయాడు.

గోడ గడియారం చూశాను. పదకొండూ ఇరవై ఐదు. పదకొండింటికి మోటారు వేస్తారు. ట్యాంకు నిండడానికి నలభై నిమిషాలు.

ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. నిదానం ఫోన్ గదిలో కిటికీలో పెట్టి, బయట మోటారు దగ్గర కూచుంటాడు. ఆ చప్పుడులో పిడుగు పడ్డా వినపడదు. మూడోసారి చేశాను. బావ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో సుద్దముక్క నలిగి పొడి రాలుతోంది.

"పక్కింటివాళ్లెవరూ లేరా?" అని గడియారం ఆవిడ అడిగింది.

"పంపుగది పక్కన ఇళ్లుండవమ్మా" అన్నాను.

అయిదో ఫోనుకి ఎత్తాడు. అప్పటికి పదకొండూ ముప్పైఎనిమిది.

"ఏందన్నా, కొంపలంటుకున్నట్టు ఇన్నిసార్లు చేశావు?"

"మోటారు ఎలా ఉంది?"

"దానికేం, దుక్కలా ఉంది. నువ్వెలా ఉన్నావు? అన్నం పెట్టారా అక్కడ?"

"కొత్త ప్రోగ్రాం వేశావా?"



"వెయ్యలేదన్నా. తిట్టొద్దు. అది పూర్తిగా రాలేదు."

"పూర్తిగా రాకపోవడం ఏంటి?"

"పాతది పక్కన పెట్టి చూశా కదా. పాతదానికి సైజు పద్నాలుగని చూపిస్తోంది, దీనికి పన్నెండే. తూకంలో తగ్గింది. దారిలో ఎక్కడో తెగిపోయుంటుంది, మొత్తం వచ్చాక వేద్దాంలే అని పాతదే ఉంచా. మీ బావకి చెప్పు, మిగతాది కూడా పంపమని."

ఫోన్ గొంతు పెద్దది. ముందు రెండు వరసలకీ వినపడింది. వాళ్లు వెనక్కి చెప్పారు. గుప్పున నవ్వు లేచింది. కిటికీ దగ్గరున్న పెద్దాయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. బావ నవ్వలేదు. కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా కూచున్నాడు.

"ఉండన్నా" అన్నాడు నిదానం. "ఇదిగో, ఆగింది. నిండింది."

"ఒక్కసారే ఆగిందా?"

"ఎన్నిసార్లు ఆగుతుంది మరి?"

"నువ్వు చల్లగా ఉండాలిరా" అన్నాను. అతన్ని అంత మాట అనడం అదే మొదలు. కంగారుపడి ఫోన్ పెట్టేశాడు.

గడియారం ఆవిడ లేచి మా దగ్గరకి వచ్చింది. "పోయినేడు ఆ ఏడు వరుసలూ కొట్టేసింది నేనేనండీ. చూసిందే మళ్లీ చూస్తోంది, ఎందుకూ అనుకున్నా."

"మీరు కొట్టేశారు, నేను తీసేశాను" అన్నాడు బావ. "రాసింది నేనే. ఎందుకు రాశానో నాకే గుర్తులేదు."

"ఎందుకో పక్కన రాసి పెట్టుకోకూడదా?" అన్నాను.

కారణాలు రాయడం కూడా వాళ్ల లెక్కలో దండగేనట. బాగా రాసినదానికి వివరణ అక్కర్లేదంటారట. దానిమీద కాసేపు వాదులాడుకున్నారు. కారణం రాస్తే అది వరుసల లెక్కలోకి వస్తుందా రాదా అని ఒకాయన అడిగాడు. "వస్తే రానివ్వండి, నీళ్లు కూడా రావాలి కదా" అంది గడియారం ఆవిడ.

"బావమరిది బతుకు కోరతాడంటారు" అన్నాడు కళ్లద్దాల పెద్దాయన. "ఇంతమందిలో నిలదీస్తే ఏమో అనుకున్నా. నిజమే."

కొత్తదాన్ని ఇంకెవరూ దించుకోకముందే బావ వెనక్కి తీసుకున్నాడు. ఆ పని ల్యాప్‌టాపులో నిమిషంలో అయిపోయింది. తర్వాత బల్ల దగ్గరకి వెళ్లి, పాత ఏడు వరుసలూ సుద్దతో రాశాడు. వాటి పైన కాస్త చోటు వదిలి నావైపు తిరిగాడు.

"కారణం నువ్వే చెప్పరా. నీ మాటల్లోనే రాస్తా."

"నిండేటప్పుడు నీళ్లు ఊగుతాయి. పది సెకన్లు ఆగి చూడు."

అంతే రాశాడు. చేతులు దులుపుకుని, ఇంకా ఏదో మిగిలినట్టు అక్కడే నిలబడ్డాడు.

"ఒరే, ఇలాంటివి ఇంకా ఏమైనా చెప్పావా నాకు, ఫోన్లో?"

"చెప్పాను బావా. రెండున్నాయి."

కుర్చీ ఒకటి లాక్కుని నా ఎదురుగా వేసుకున్నాడు. "చెప్పు" అన్నాడు. మిగతావాళ్లు కూడా కుర్చీలు దగ్గరకి జరుపుకున్నారు.