మూడో గింజ

హలో, వినిపిస్తోందా? చేతిలో పని కాస్త పక్కన పెట్టండి. ఈ సంగతి మా నెబ్రాస్కా ఊళ్ళో, పశుమాంసం ఫ్యాక్టరీ వెనకాల మా ఎదురుగా చక్రాల మీద నిలిపిన రేకుల ట్రైలర్ ఇంట్లో జరిగింది. కరోనా వచ్చిన ఏడు, మే నెల.

ఆ రోజు పన్నెండులోపు ఏడేళ్ళ మికాయెలా పాఠం చదివి, బడివాళ్ళిచ్చిన ట్యాబ్‌లో రికార్డు చేసి పంపాలి. ఆ తర్వాత ఏ క్షణమైనా ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి రోక్సానా సంతకం కోసం వస్తుంది. మికాయెలా వాళ్ళ నాన్న గస్పార్ పొద్దుట్నుంచి రెండుసార్లు రొట్టెలు మాడ్చాడు. పన్నెండేళ్ళుగా ఫ్యాక్టరీలో కత్తి పట్టి బిగుసుకుపోయిన వేళ్ళకి పెనం మీద రొట్టె తిప్పడం రావడం లేదు. ఆ పని భార్య ఎవులాలియాది. ఆమె పోయి పద్దెనిమిది రోజులైంది.

గస్పార్‌కి అక్షరం రాదు. ఏడేళ్ళప్పుడు గ్వాటెమాలా కొండల్లో కాఫీ పళ్ళు కోశాడు. ఎవులాలియాకీ చదువు లేదు. బళ్ళు మూసేసి, “పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చదివించండి” అని టీచరు చెప్పిన రోజు మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉపాయం ఎవులాలియాకే తట్టింది. బల్ల మీద రెండు సాసర్లు, మూడు నల్ల చిక్కుడు గింజలు. పిల్ల ఒకసారి చదివితే ఒక గింజ ఎడమ సాసర్లోంచి కుడి సాసర్లోకి వెళ్తుంది. మూడుసార్లూ అవే మాటలు వస్తే నిజంగా చదివినట్టు. మాట మారిందా, బొమ్మ చూసి కల్పిస్తున్నట్టు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, బాతు పాఠం రెండోసారి చదవడం అయ్యాక, ఎవులాలియా దగ్గుతూ బల్ల మీదికి ఒరిగిపోయింది. అప్పటికే ఫ్యాక్టరీలో, మాంసం కోసే లైనులో ఆమెకి అటు నిలబడే మనిషికీ, ఇటు నిలబడే మనిషికీ జ్వరాలు. “జ్వరమైతే ఒక మాత్ర వేసుకుని రా, లైను ఆపలేం” అన్నాడు సూపర్వైజరు. అంబులెన్సులో వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఇంట్లో మిగిలిన ఇద్దరికీ పరీక్ష చేశారు. జబ్బు లేదన్నారు.

గింజలు అలాగే ఉన్నాయి. కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి. మికాయెలా వాటిని తుడవనివ్వదు, జరపనివ్వదు. అప్పట్నుంచి ఏ పాఠమైనా రెండుసార్లే చదువుతుంది. చదివేటప్పుడు పుస్తకాన్ని కొంచెం పక్కకి తిప్పి పెడుతుంది, ఖాళీ కుర్చీకి కనబడేలా. ఒక్కోసారి మధ్యలో ఆగి అటు చూసి, ఎవరో ఊఁ అన్నట్టు తల ఊపి, మళ్ళీ మొదలుపెడుతుంది. గస్పార్ చూసీ చూడనట్టు ఉంటాడు.

రోక్సానా కాగితం ముందు రోజే ఇచ్చి వెళ్ళింది. “మామూలు కాగితమే అన్నా. సంతకం రాకపోతే వేలిముద్ర వెయ్యి. వేస్తే నీ చోటు నీది. లేదంటే సోమవారం అక్కడ ఇంకొకడు నిలబడతాడు.” గస్పార్ ఆ కాగితం పట్టుకుని చదివిపెట్టమని మొదట నా దగ్గరికే వచ్చాడు. కళ్ళద్దాలు విరిగాయని చెప్పాను. విరగలేదు. నాదీ ఆ ఫ్యాక్టరీలోనే పని. దాంతో మర్నాడు కాగితం పిల్ల ముందుకి తెచ్చాడు.

“తలకిందులుగా పట్టుకున్నావు నాన్నా.”

“నీకు పరీక్ష పెట్టానే. పాసయ్యావులే. చదువు.”

“దీంట్లో బొమ్మల్లేవుగా!”

“ఆఫీసోళ్ళకి బొమ్మలెయ్యడం రాదమ్మా.”

మికాయెలా నవ్వింది. వేలు పెట్టి ఒక్కో ఇంగ్లీషు మాట కూడబలుక్కుంది. తర్వాత ఇంటి భాషలో చెప్పింది. “అమ్మకి జబ్బు... ఫ్యాక్టరీలో రాలేదంట. ఇంట్లో వాళ్ళ నుంచి... అంటుకుందంట.”

గస్పార్ కాగితం పిల్ల దగ్గరికి జరిపాడు. “మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివింది. అవే మాటలు. పిల్ల తప్పు చదివితే బాగుండునని అతను కోరుకోవడం అదే మొదటిసారి.

“ఇంకొక్కసారి తల్లీ.”

“చదవను.”

“ఎందుకనే?”

మికాయెలా ఎడమ సాసరు మీద అరచెయ్యి మూతలా పెట్టింది. “మూడోసారి కూడా అదే వస్తే నిజమైపోద్ది. నువ్వు సాయంత్రం డ్యూటీకి పోయేవాడివి. అమ్మ పక్కన కూచునేది నేనే. ఇంట్లో వాళ్ళంటే నేనేగా నాన్నా?”

పిల్ల ఇన్ని రోజులూ ఆ కుర్చీ వైపు చూసి ‘నా వల్లేనా అమ్మా’ అని అడుగుతోందని అతనికప్పుడర్థమైంది.

తలుపు చప్పుడైంది. రోక్సానా మాస్కు పెట్టుకుని మెట్ల మీద నిలబడింది. ఇంకు పెట్టె బయటికి తీసింది. “అయిపోయిందా అన్నా? ఇంకా నాలుగిళ్ళు తిరగాలి.”

గస్పార్ కాగితం ఆమె చేతికిచ్చాడు. “రెండుసార్లు మా పిల్ల చదివింది. మూడోసారి నువ్వు చదువమ్మా. మాకర్థమయ్యేటట్టు. దాని మొహం చూస్తా చదువు.”

“ఇదేం చోద్యం అన్నా!”

“మా ఇంటి పద్ధతి.”

రోక్సానా మొదలుపెట్టింది. “ఎవులాలియాకి ఈ జబ్బు ఫ్యాక్టరీలో రాలేదు...” కళ్ళెత్తింది. గుమ్మంలో పిల్ల, చేతిలో సాసరు, అందులో ఒక్క గింజ. “... బయట. బయటెక్కడో తగిలిందని రాశారు. అంతే.”

“మాట మారింది నాన్నా!” మికాయెలా అరిచింది. “ఆంటీ చదవట్లేదు. కల్పిస్తోంది!”

రోక్సానా తల దించుకుంది. ఇంకు పెట్టె ముందుకి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గస్పార్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

“పట్టుకుపోమ్మా. నేను వెయ్యను.”

“సోమవారం...”

“తెలుసు.”

ఆమె వెళ్ళాక తలుపు మూసుకుంది గానీ కిటికీ తెరిచే ఉంది. బాతు పాఠం వినిపించింది, ఏప్రిల్లో ఆగిపోయిన ఆ మూడోసారి చదువు. చివరి వాక్యం దాకా వచ్చింది. మూడో గింజ కుడి సాసర్లో పడితే టక్కుమంటుంది. నేను నా కిటికీ దగ్గర నిలబడి, ఆ చప్పుడు కోసం చెవి అటే పెట్టి ఉన్నాను.

నా కళ్ళద్దాలు జేబులోనే ఉన్నాయి. అందుకే ఈ సంగతి మీకు చెప్తున్నాను. మీకు అటు నిలబడేవాళ్ళకీ, ఇటు నిలబడేవాళ్ళకీ చెప్పండి. వేలిముద్ర వెయ్యమని ఎవరైనా కాగితం తెస్తే, వాళ్ళ చేతే గట్టిగా చదివించుకోమనండి, ఇంట్లో పిల్లలకేసి చూస్తూ.