పెచ్చులాయన పిట్టగోడ

ఉప్పుకాగితం అరిగి నున్నబడినా పెచ్చులాయన దాన్ని పారెయ్యలేదు. రెండుగా మడిచి, ఆ మడతతో గేటు ఊచల సందుల్లో తుప్పు గీకుతున్నాడు. తుప్పు పొడి చెమటకి అంటుకుని మోచేతుల దాకా ఇటుకరంగు పట్టింది. గోళ్ళ కింద మాత్రం ఏ కాలంవో పాత రంగులు, ఏ సబ్బుకీ లొంగనివి, అలాగే ఉండిపోయాయి.

టీవీ సీరియళ్ళకి సెట్లు వేసే రోజుల్లో అంటుకున్న పేరది. కొత్త గోడని పాతది చెయ్యడం ఆయన పని. చెక్క మీదా థర్మాకోల్ మీదా నాచు పట్టించేవాడు, చెమ్మ మరకలు దించేవాడు, సున్నం పెచ్చులూడినట్టు భ్రమ పెట్టేవాడు. "లోకమంతా పాతిల్లు కొత్తగా కనపడాలని రంగులేయిస్తుంది. మా బావ కొత్తింటిని రేపో మాపో కూలేట్టు చేసి కూలి పుచ్చుకుంటాడు" అని బావమరిది నలుగురిలో ఆట పట్టించేవాడు. ఆయన నవ్వేవాడు కాదు.

అక్షరాలు సరిగ్గా కుదరకముందే బడి మానేసి రంగులు కలపడానికి చేరాడు. అప్పట్నించీ ఎన్ని జైళ్ళు, ఎన్ని బంగళాలు, ఎన్ని ఆస్పత్రులు నిలబెట్టాడో! పని కాగానే అన్నిటినీ విరగ్గొట్టి లారీకెత్తేవాళ్ళు. భార్యకి నిజం ఆస్పత్రిలో ఊపిరాడక ఎగశ్వాస వస్తున్నప్పుడు, మంచం వెనక గోడ చూసి 'దీనికంటే నేను వేసిందే నయం' అనుకున్నాడు. ఆ మాట మనసులోకి ఎలా వచ్చిందో తెలీదు. ఆ తర్వాత చాలాకాలం అన్నం సయించలేదు.

"నాన్నా, ఇటు చూడు. మీ సీరియల్ మేడ దొరికిందట!" కూతురు ఫోను పట్టుకుని వచ్చింది. సందు చివర టైలర్ షాపులో పనిచేస్తుంది.

"మాది ఎప్పుడైందే? నా పేరేమన్నా వేశారా?"

"అబ్బా, మొదలెట్టావా!"

సీరియల్ అయిపోయి మూడేళ్ళయినా దాని మీద మోజు తీరని వాళ్ళు ఒక జట్టుగా చేరారు. టీవీలో చూసిన చోట్లని ఒక్కొక్కటే వెతికి పట్టుకుంటున్నారు. వంతెన దొరికింది, కోర్టు మెట్లు దొరికాయి. కథానాయిక పిట్టగోడకి వీపు ఆనించి ఏడ్చిన మేడ ఒక్కటే ఇన్నాళ్ళూ దొరక్కుండా ఏడిపించింది.

"సాయంత్రం అందరం వెళ్తున్నాం. ఆవిడలాగే గోడకానుకుని ఫోటో దిగాలి. నాకు ఏడుపు రాకపోతే నిన్ను తలుచుకుంటాలే."

పెచ్చులాయన నవ్వబోయి ఫోటో చూశాడు. చేతిలో కాగితం ఆగిపోయింది.

కెమెరా క్రేను కోసం ఆ మేడ మీద ఒక పక్క పిట్టగోడ పడగొట్టారు. తర్వాత సీనుకి మళ్ళీ గోడ కావలసొచ్చింది. ఈయనే థర్మాకోల్ దిమ్మలు పేర్చి, పైన పల్చగా సిమెంటు పూసి, ఎదుటి పక్క ఉన్న అసలు గోడని చూస్తూ దాని నాచు, మరకలు, మూలనించి వంకరగా దిగిన పగులుతో సహా దించేశాడు. కథానాయిక వేసే పిల్లతో నిజంగా ఆనకుండా, ఆనినట్టు నటించమనే చెప్పారు. షూటింగు అయ్యాక ఇటుకలతో కట్టిస్తామని కంపెనీవాళ్ళు ఇంటాయనకి మాటిచ్చారు. కట్టించే ఉంటారని ఈయన అనుకున్నాడు. కట్టించి ఉంటే ఒక పక్క కొత్తగా ఉండాలి. ఫోటోలో రెండు గోడలూ ఒకే ఈడువి.

"నువ్వు ఆ మేడెక్కకు. అది గోడ కాదే. థర్మాకోల్. నేను చేసిందే."

"మూడేళ్ళ వానకి థర్మాకోల్ ఆగుతుందా?"

"నేను చేస్తే ఆగుతుంది."

కూతురు జాలిగా చూసింది. "నీకింకా ఆ ఉక్రోషం పోలేదు నాన్నా. వాళ్ళ సరదా వాళ్ళది, పోనిద్దూ" అనేసి షాపుకి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళుగా టీవీ పెట్టినప్పుడల్లా సణిగిన మనిషి, ఇవాళ నిజం చెబితే అదీ సణుగుడే అయింది. గేటుకి సగం తుప్పు ఉండగానే వదిలేసి ఆయన బస్సెక్కాడు.

ఆ ఇంటి వంటావిడ తలుపు తీసి ఎగాదిగా చూసింది. "మీరూ ఫోటోకేనా పెద్దాయనా? ఈ వయసులో ఏం సరదా!"

"ఇంటాయన లేరా?"

"ఊరెళ్ళారు."

"పైన ఒక పక్క పిట్టగోడ ఉత్తుత్తిదమ్మా. ఆనుకుంటే మనిషి దక్కడు. ఎవర్నీ పైకి పంపకు."

"ఏ పక్కదండీ? రోజూ రెండిటి మీదా బట్టలారేస్తున్నాను!" ఆవిడ విరగబడి నవ్వింది. మనిషి మొహంలో నెత్తురు లేకపోవడం చూసి మళ్ళీ మెత్తబడింది. "ఇదిగో, టీ పెట్టాను. తాగుతూ వెళ్ళి చూసుకోండి మీ గోడ."

మూడంతస్తులు ఎక్కేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది. పైన ఎండ పసుపుపచ్చగా వాలుతోంది. చేతికందిన గోడ మీద గ్లాసు పెట్టి అటూ ఇటూ చూశాడు. రెండిటి మీదా నాచు ఉంది. తాను పూసిన ఆకుపచ్చ మీద నిజం నాచే మొలిచింది. రెండిటి మీదా చీమలు బారులు తీరాయి. వేలితో కొట్టి చూశాడు. పైన సిమెంటు పూత ఉండటంతో రెండూ ఒకే గొంతుతో పలికాయి. ఇన్ని సెట్ల మధ్య ఏ పక్క కట్టాడో గుర్తు లేదు, చూస్తే ఏది తనదో తెలియలేదు. ముందు గుండె ఉప్పొంగింది, వెంటనే భయమేసి రెండిటికీ దూరంగా మేడ నడిమికి జరిగాడు. తోసి చూద్దామంటే కింద మనుషులు తిరిగే దారి.

అప్పుడు కనబడింది పగులు. గ్లాసు పెట్టిన గోడకి, మూలనించి వంకరగా దిగింది. ఎదుటి గోడ మీద అలాంటిదేమీ లేదు. సొంత చేతిరాతని గుర్తుపట్టినట్టు ఆయన దాన్ని గుర్తుపట్టాడు. 'నేను గీసిందే' అనుకున్నాడు. రంగుతో గీసిన పగులు ఇన్ని వానలకి నిలవదని ఆయనకి తెలియక కాదు. ఆ క్షణంలో తోచలేదు, అంతే.

కింద వీధిలో ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. వాటిలో కూతురి నవ్వు విడిగా తెలిసింది. గేటు చప్పుడైంది. ఆయన గబగబా ఎదుటి గోడ దగ్గరికెళ్ళి, ఇటుకని నమ్మినట్టు దాని మీద పొట్ట ఆనించి, రెండు చేతులూ మోపి కిందికి వంగాడు.

"అమ్మాయ్, పైకి రాకే!"

థర్మాకోల్ విరిగితే పెద్ద చప్పుడేం ఉండదు.

ఆ సాయంత్రం ఎవరూ మేడెక్కలేదు. కింద ఒక గొంతు "నాన్నా" అని ఒకసారి అరిచి, రెండోసారి అరవలేకపోయింది. పైన, పగులున్న గోడ మీద, తాగని టీ గ్లాసు తొణక్కుండా ఉంది. దాని మీద మీగడ సన్నగా ముడుతలు పడింది.